సలామిస్ జలసంధి: రెండో భాగం చెప్పని కథ



ఒక సినిమా బాగా ఆడితే దానికి రెండో భాగం తీయడం ఈనాడు అన్ని దేశాల్లోనూ ఆనవాయితీ అయిపోయింది. మొదటి భాగం నచ్చినవారు ఆశతో హాలుకు వెళతారు. ఒక్కొక్కసారి ఆ ఆశ నెరవేరుతుంది. చాలాసార్లు నిరాశే మిగులుతుంది. ప్రాచీన గ్రీసు కథతో వచ్చి, అలా నిరాశపరచిన ఒక హాలీవుడ్ చిత్రాన్ని గురించి, ఆ చిత్రం వెనుక ఉన్న అసలు చరిత్రను గురించి ఈ ప్రసంగంలో ముచ్చటించుకుందాం. ఆ చరిత్రలో సరిహద్దు ప్రాంతాల్లో నివసించే మనకు ప్రత్యేకంగా పట్టే విషయం ఒకటి ఉంది. అందుకే ఈ అంశాన్ని ఎంచుకున్నాను.

2007లో '300' అనే చిత్రం విడుదలైంది. దర్శకుడు జాక్ స్నైడర్. ఫ్రాంక్ మిల్లర్ 1998లో వెలువరించిన బొమ్మల కథ దానికి ఆధారం. క్రీ.పూ. 480లో థర్మోపిలే కనుమ దగ్గర స్పార్టా రాజు లియోనిడాస్, అతని మూడు వందల మంది యోధులు పర్షియా మహాసైన్యాన్ని అడ్డుకుని ప్రాణాలు విడిచిన ఘట్టమే ఆ కథ. దాదాపు ఆరున్నర కోట్ల డాలర్లతో తీసిన ఆ చిత్రం నలభై అయిదు కోట్ల డాలర్ల పైచిలుకు వసూలు చేసింది. పర్షియన్లను రాక్షసులుగా చూపించారని ఇరాన్ ప్రభుత్వం అప్పట్లో బహిరంగంగానే అభ్యంతరం తెలిపింది. అయినా యుద్ధ దృశ్యాల్లో కొత్తదనం ఉన్నదనీ, కథ ఒకే పట్టున సాగిందనీ చాలామంది మెచ్చుకున్నారు.

ఏడేళ్ల తరువాత, 2014 మార్చిలో, దాని రెండో భాగం వచ్చింది. పేరు '300: రైజ్ ఆఫ్ యాన్ ఎంపైర్'. అంటే 'ఒక సామ్రాజ్యం లేచిన వేళ' అనుకోవచ్చు. ఈసారి దర్శకుడు నోమ్ మర్రో. ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లీస్‌గా సలివన్ స్టేపుల్టన్, పర్షియా పక్షాన పోరాడిన రాణి ఆర్టెమీసియాగా ఈవా గ్రీన్ నటించారు. ఖర్చు దాదాపు పదకొండు కోట్ల డాలర్లకు పెరిగింది. వసూళ్లు ముప్ఫై మూడు కోట్ల చిల్లరకు తగ్గాయి. నష్టం రాలేదు గాని పేరు రాలేదు. ఈవా గ్రీన్ నటనను మెచ్చుకున్న విమర్శకులు సైతం మిగిలిన చిత్రాన్ని గురించి పెదవి విరిచారు. మొదటి భాగంలో కొత్తగా కనిపించిన చిత్రీకరణ ఇందులో అనుకరణగా తేలిపోయింది. కంప్యూటర్ చిమ్మిన నెత్తురు తెరంతా పరచుకుంది. కథానాయకుడు ఉపన్యాసాలు ఇచ్చినా మన మనసులో నిలవలేదు.

ఇక చరిత్ర మాటకు వస్తే, మొదటి ఘట్టంలోనే అది దారి తప్పింది. మారథాన్ యుద్ధంలో థెమిస్టోక్లీస్ వేసిన బాణం తగిలి పర్షియా చక్రవర్తి డేరియస్ మరణించినట్టు చూపారు. క్రీ.పూ. 490లో జరిగిన ఆ యుద్ధానికి డేరియస్ రానేలేదు. డేటిస్, ఆర్టఫెర్నీస్ అనే సేనానులు వచ్చారు. డేరియస్ మరో నాలుగేళ్లు బతికి, క్రీ.పూ. 486లో స్వదేశంలోనే కన్నుమూశాడు. అలాగే చివరి నౌకాయుద్ధంలో థెమిస్టోక్లీస్ గుర్రమెక్కి ఓడల మీదుగా దూకుతాడు. ఓటమి అంచున ఉండగా స్పార్టా నౌకలు వచ్చి ఆదుకుంటాయి. నిజానికి స్పార్టా పంపిన పదహారు ఓడలు మొదటి నుంచీ అక్కడే ఉన్నాయి. మొత్తం గ్రీకు నౌకాదళానికి అధిపతి కూడా యూరిబియడీస్ అనే స్పార్టా వాడే.

సినిమా అన్నాక కల్పన ఉంటుంది, ఇన్ని తప్పులెన్నడం దేనికి అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మన పౌరాణిక చిత్రాల్లో మాత్రం కల్పనలు లేవా? ఈ చిత్రం చేసిన అసలు నష్టం మరొకటి. ఇది ఆనాటి ప్రపంచాన్ని రెండే రెండు రంగుల్లో చూపింది. ఇటు స్వేచ్ఛ కోసం పోరాడే గ్రీకులు, అటు చీకటి నుంచి వచ్చిన పర్షియన్లు. మధ్యలో ఎవరూ లేరు. అసలు చరిత్ర నడిచింది ఆ మధ్యలోనే. ఆ మధ్యలో ఉన్నవారు ఎవరో ఇప్పుడు చూద్దాం.

మన కావ్యాల్లో, శాసనాల్లో 'యవనులు' అనే మాట మీరు వినే ఉంటారు. ఆ మాట 'అయోనియా' అనే ప్రాంతం పేరు నుంచి పుట్టింది. ఆ ప్రాంతపు గ్రీకులను పర్షియన్లు 'యౌన' అన్నారు. మనం 'యవన' అన్నాం. ఈ అయోనియా నేటి గ్రీసులో లేదు. సముద్రానికి ఆవల, నేటి టర్కీ పడమటి తీరంలో ఉండేది. మిలెటస్, ఎఫెసస్ వంటి గొప్ప పట్టణాలు అక్కడివే. వారు మాట్లాడేది గ్రీకు, కొలిచేది గ్రీకు దేవతలను. కాని క్రీ.పూ. ఆరో శతాబ్ది నడుమ నుంచి వారిని ఏలినది పర్షియా. ఇరుగుపొరుగున కేరియన్లు, లిడియన్లు ఉండేవారు. వారితో వ్యాపారాలు, వియ్యాలు సాగేవి. భాష ఒక వైపు, ఏలుబడి ఒక వైపు. ఇలాంటి బతుకు ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పనవసరం లేదు.

క్రీ.పూ. 499లో ఈ అయోనియన్లు పర్షియా మీద తిరగబడ్డారు. ఏథెన్స్ ఇరవై ఓడలు పంపింది. కొద్దికాలానికే వాటిని వెనక్కు పిలిపించుకుంది. తిరుగుబాటు అణగిపోయింది. క్రీ.పూ. 494లో మిలెటస్ నేలమట్టమైంది. ఆ తరువాత ఫ్రినికస్ అనే నాటకకర్త ఏథెన్స్‌లో మిలెటస్ పతనాన్ని నాటకంగా ఆడించాడు. ప్రేక్షకులు వెక్కివెక్కి ఏడ్చారు. తమ సొంత దుఃఖాన్ని గుర్తు చేశాడన్న నేరం మీద ఏథెన్స్ వారు అతనికి వెయ్యి ద్రాక్మాల జరిమానా వేసి, ఆ నాటకాన్ని ఇక ఎవరూ ఆడరాదని నిషేధించారు. ఆదుకోలేకపోయిన బంధువుల గతి రంగస్థలం మీద కనబడితే ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది. ఆ నాటకం అంత పని చేసిందన్న మాట.

తిరుగుబాటుకు చేయి అందించిన ఏథెన్స్‌ను శిక్షించాలని పర్షియా పట్టుబట్టింది. మొదటిసారి మారథాన్ దగ్గర ఆ ప్రయత్నం విఫలమైంది. పదేళ్ల తరువాత డేరియస్ కుమారుడు జెర్క్సీస్ స్వయంగా దండెత్తి వచ్చాడు. ఈ మధ్యకాలంలో థెమిస్టోక్లీస్ ఒక దూరదృష్టి గల పని చేశాడు. క్రీ.పూ. 483 ప్రాంతంలో ఏథెన్స్ దగ్గర లారియం గనుల్లో వెండి విరివిగా పడింది. తలకు పది ద్రాక్మాల చొప్పున పౌరులందరికీ పంచుదామన్నారు. థెమిస్టోక్లీస్ వద్దన్నాడు. ఆ సొమ్ముతో యుద్ధనౌకలు కట్టిద్దామన్నాడు. పర్షియా ఎక్కడో దూరాన ఉంది, దాని పేరు చెబితే జనం వినరు. అందుకని ఎదురుగా కనబడే పొరుగు శత్రువు ఈజినా ద్వీపం పేరు చెప్పి ఒప్పించాడు. చేతికి రాబోయే డబ్బును వదులుకోవడానికి జనాన్ని ఒప్పించడం ఏ కాలంలోనూ తేలిక కాదు కదా!

ఆ నౌకలను ట్రైరీమ్‌లు అంటారు. మూడు వరుసల తెడ్ల ఓడ అని అర్థం. పై వరుసలో 62 మంది, నడిమి వరుసలో 54 మంది, కింది వరుసలో 54 మంది, మొత్తం 170 మంది ఒకే తాళంతో తెడ్లు వేయాలి. ఓడ ముక్కున కంచు తొడుగు వేసిన దూలం ఉంటుంది. దానితో శత్రువు ఓడ పక్కను పొడిచి చీల్చడమే యుద్ధం. 1987లో గ్రీసు దేశం 'ఒలింపియాస్' అనే పేరుతో ఇలాంటి ఓడను తిరిగి కట్టించి, సముద్రంలో నడిపించి చూసింది. తెడ్లు వేసిన పౌరుల్లో ఎక్కువమంది భూమీ పుట్రా లేని పేదలు. కవచం, గుర్రం కొనే స్తోమత లేనివారు. ఏథెన్స్‌ను కాపాడినది వారి భుజాలే. తరువాతి రోజుల్లో ఆ నగర పాలనలో పేదల మాటకు విలువ పెరగడానికి ఇది ముఖ్యమైన కారణం. సినిమాలో కథానాయకుడి కత్తి కనిపించినంతగా ఈ తెడ్డు పట్టిన చేతులు కనిపించవు.

ఇప్పుడు లెక్క ఒకటి చెబుతాను, శ్రద్ధగా వినండి. ఈ యుద్ధాల చరిత్రను మనకు చెప్పినవాడు హెరొడొటస్. పర్షియా నౌకాదళంలో 1,207 ట్రైరీమ్‌లు ఉన్నాయని ఆయన రాశాడు. అంత సంఖ్య ఉండి ఉండదని నేటి చరిత్రకారులు చాలామంది అంటారు. సంఖ్య మాట అలా ఉంచి, అందులో ఎవరి వాటా ఎంతో చూడండి. ఫినీషియన్లవి 300, ఈజిప్టు వారివి 200, సైప్రస్ వారివి 150. అయోనియన్లవి 100. హెలెస్పాంట్ తీరపు గ్రీకు పట్టణాలవి 100. ఇయోలియన్లు అనే గ్రీకులవి 60, ఆసియాలోని డోరియన్ గ్రీకులవి 30, దీవుల వారివి 17. ఈ గ్రీకు ఓడలన్నీ కలిపితే 307. మరి సలామిస్ దగ్గర పర్షియాను ఎదిరించిన గ్రీకుల ఓడలు మొత్తం 378 అని ఆయనే చెప్పాడు. అంటే ఆ యుద్ధానికి తరలిన గ్రీకు ఓడల్లో ఇంచుమించు సగం పర్షియా పక్షాన ఉన్నవే. రెండు రంగుల సినిమాలో ఈ 307 ఓడలకు చోటెక్కడిది?

వీరి అవస్థ అడకత్తెరలో పోకచెక్కలా ఉండేది. థర్మోపిలే యుద్ధం జరిగిన రోజుల్లోనే దగ్గరలోని ఆర్టెమీసియం తీరంలో నౌకాయుద్ధం జరిగింది. పేరు దగ్గరగా ఉన్నా ఈ తీరానికి ఆర్టెమీసియా రాణితో సంబంధం లేదు. అక్కడి నుంచి వెనక్కు తగ్గుతూ థెమిస్టోక్లీస్ ఒక ఎత్తు వేశాడు. శత్రునౌకలు మంచినీళ్లకు ఆగే చోట్ల రాళ్ల మీద అయోనియన్లకు సందేశాలు చెక్కించాడు. మీ తాతముత్తాతల నేల మీదికి రావడం న్యాయం కాదు, మా వైపు రండి, రాలేకపోతే తప్పుకోండి, అదీ కుదరకపోతే యుద్ధంలో మనసు పెట్టకుండా పోరాడండి అని వాటి సారాంశం. ఇందులోని మెలికను హెరొడొటస్ విప్పి చెప్పాడు. అయోనియన్లు చదివి మనసు మార్చుకుంటే మంచిదే. మార్చుకోకపోయినా ఆ రాతల సంగతి జెర్క్సీస్ చెవిన పడుతుంది. అప్పుడు అతను అయోనియన్లను నమ్మడం మానేస్తాడు. ఎటు తిరిగినా థెమిస్టోక్లీస్‌కు లాభమే. ఎటు తిరిగినా అనుమానం పడేది మాత్రం అయోనియన్ల మీదనే.

ఆ తరువాత ఏథెన్స్ ఖాళీ అయింది. ఆడవారిని, పిల్లలను ట్రోజెన్, ఈజినా, సలామిస్‌లకు తరలించారు. పర్షియన్లు నగరాన్ని తగలబెట్టారు. గ్రీకు నాయకుల్లో కొందరు వెనక్కు పోదామన్నారు. సలామిస్ ద్వీపానికీ ఒడ్డుకూ నడుమనున్న ఇరుకు జలసంధిలోనే పోరాడాలని థెమిస్టోక్లీస్ పట్టుబట్టాడు. మాట చెల్లకపోయేసరికి తన పిల్లలకు చదువు చెప్పే సికిన్నస్ అనే సేవకుణ్ణి రహస్యంగా పర్షియన్ల దగ్గరికి పంపాడు. గ్రీకులు పారిపోబోతున్నారు, దారి మూయండి అని చెప్పించాడు. పర్షియన్లు నమ్మారు. రాత్రంతా దారి కాచి అలసిపోయారు. తెల్లవారి ఆ ఇరుకులోకి చొరబడ్డారు. క్రీ.పూ. 480 సెప్టెంబరు చివరి రోజులవి. ఓడలు ఎక్కువైనకొద్దీ ఒకదానికొకటి అడ్డుపడి, తెడ్లు విరిగి, పర్షియా నౌకాదళం చెల్లాచెదరైంది.

జెర్క్సీస్ ఒడ్డున ఆసనం వేయించుకుని ఈ యుద్ధాన్ని చూస్తున్నాడు. ఓడలు పోగొట్టుకున్న ఫినీషియన్లు కొందరు ఆయన దగ్గరికి వచ్చారు. అయోనియన్లు ద్రోహం చేయడం వల్లనే తమ ఓడలు మునిగాయని చాడీ చెప్పారు. వారు ఆ మాట అంటూ ఉండగానే, సమోత్రేస్ ద్వీపానికి చెందిన గ్రీకు ఓడ ఒకటి ఏథెన్స్ ఓడను పొడిచి ముంచింది. వెంటనే ఈజినా ఓడ ఒకటి వచ్చి ఆ సమోత్రేస్ ఓడను ముంచింది. మునుగుతూనే ఆ ద్వీపం వారు ఈటెలు విసిరి ఈజినా యోధులను కూల్చి, ఆ ఓడనే పట్టుకున్నారు. జెర్క్సీస్ కళ్లారా చూశాడు. చాడీ చెప్పిన ఫినీషియన్ల తలలు తీయించాడు. ఒక్క నిమిషం ముందో వెనుకో అయితే తలలు ఎవరివి తెగేవో! సరిహద్దు మనిషి విశ్వాసాన్ని ప్రతిపూటా కొత్తగా రుజువు చేసుకోవలసి రావడం అంటే ఇదే. ఇంతకన్నా ఉత్కంఠ కలిగించే దృశ్యం ఏ సినిమాకు కావాలి? దాన్ని వదిలి గుర్రాన్ని ఓడలెక్కించారు.

ఇక ఆర్టెమీసియా. సినిమాలో ఆమె తన కుటుంబాన్ని గ్రీకు సైనికులు చంపినందుకు పగబట్టిన స్త్రీ. పర్షియా నౌకాదళమంతా ఆమె చేతిలో ఉంటుంది. చివరకు థెమిస్టోక్లీస్ కత్తికి బలి అవుతుంది. అసలు ఆర్టెమీసియా హాలికర్నాసస్ రాణి. అది నేటి టర్కీలోని బోద్రుమ్ పట్టణం. తండ్రి ఆ ఊరివాడే, తల్లి క్రీట్ ద్వీపం ఆడపడుచు. భర్త పోయాక రాజ్యభారం మోసింది. ఎదిగిన కొడుకు ఉన్నా తానే యుద్ధానికి వచ్చింది. ఆమె తెచ్చినవి అయిదే ఓడలు. సలామిస్ యుద్ధానికి ముందు అందరినీ సలహా అడిగితే, అందరూ పోరాడదామన్నారు. ఆమె ఒక్కతే వద్దంది. తొందరపడకుండా ఆగితే గ్రీకులు వాళ్లంతట వాళ్లే విడిపోతారని చెప్పింది. చక్రవర్తి ఆమె మాటను మెచ్చుకున్నాడు గాని అందరి మాటనే పాటించాడు.

యుద్ధంలో ఒక ఏథెన్స్ ఓడ ఆమెను తరిమింది. ముందు తమ పక్షం ఓడలే అడ్డం. ఆమె వెనుదీయకుండా తమ పక్షంలోని కాలిండా రాజు ఓడను పొడిచి ముంచింది. ఈ ఓడ మనదే కాబోలని వెంటాడిన ఏథెన్స్ నావికుడు వదిలేశాడు. శత్రువు ఓడను ముంచిందని జెర్క్సీస్ సంతోషించాడు. మునిగిన ఓడలో ఒక్కరూ బతకలేదు కాబట్టి నిజం చెప్పేవారు లేకపోయారు. ఈ పని మంచిదని నేను అనను. ఆ ఓడలో కూడా రెండు వందల ప్రాణాలు ఉండి ఉంటాయి. కాని పగతో రగిలే సినిమా ఆర్టెమీసియా కన్నా, రెండు పెద్ద శక్తుల నడుమ తన అయిదు ఓడలను, తన ఊరిని నిలుపుకోవాలని చూసిన ఈ ఆర్టెమీసియా మనకు బాగా అర్థమవుతుంది. ఆమె యుద్ధంలో చావలేదు. తరువాత జెర్క్సీస్ తన పిల్లలను ఎఫెసస్‌కు చేర్చే పని ఆమెకే అప్పగించాడు.

ఇదంతా మనకు ఎలా తెలిసింది? హెరొడొటస్ కూడా అదే హాలికర్నాసస్‌లో, క్రీ.పూ. 484 ప్రాంతంలో పుట్టాడు. ఆ రాణి వంశపు పాలకుడితో పడకనే ఆయన ఊరు విడిచాడని తరువాతి గ్రంథాలు చెబుతాయి. అయినా ఆమె తెలివిని మనసారా మెచ్చుకుంటూ రాశాడు. పర్షియన్ల ఆచారాలను, ఈజిప్టు వింతలను అంతే ఆదరంగా రాశాడు. జెర్క్సీస్ సైన్యంలో సింధు ప్రాంతం నుంచి వెళ్లిన భారతీయుల నూలు బట్టలను, వెదురు విండ్లను కూడా వదలలేదు. అయిదు శతాబ్దాలకు పైగా గడిచాక ప్లూటార్క్ అనే గ్రీకు పండితుడు, హెరొడొటస్‌కు పరాయివాళ్ల మీద మోజు ఎక్కువని నిందించాడు. పలు భాషలు కలిసే రేవు పట్టణంలో పెరిగినవాడికి అవతలివాడు రాక్షసుడిలా కనబడడం కష్టం. అది మోజు కాదు, పరిచయం.

ఆ పట్టణం ఎలాంటిదో చెప్పే వస్తువు ఒకటి నేడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. హాలికర్నాసస్ శిథిలాల్లో దొరికిన పాలరాతి వంటి చిన్న జాడీ అది. దాని మీద జెర్క్సీస్ పేరు ప్రాచీన పర్షియన్, ఎలమైట్, బాబిలోనియన్, ఈజిప్టు భాషల్లో, మొత్తం నాలుగు భాషల్లో చెక్కి ఉంది. అది ఆర్టెమీసియాకు చక్రవర్తి ఇచ్చిన కానుక అయి ఉండవచ్చని పండితుల ఊహ.

చిత్రం పేరు సామ్రాజ్యం లేవడం గురించి. ఆ కథా చిత్రంలో లేదు. చరిత్రలో ఉంది. క్రీ.పూ. 478లో ఏథెన్స్ నాయకత్వాన గ్రీకు పట్టణాల కూటమి ఏర్పడింది. అయోనియా పర్షియా పట్టు నుంచి బయటపడింది. కొన్నేళ్లకు ఆ కూటమి చందా కాస్తా ఏథెన్స్‌కు కట్టే కప్పంగా మారింది. క్రీ.పూ. 454లో ఖజానా కూడా ఏథెన్స్‌కే చేరింది. కప్పం అందుకునే చెయ్యి మారింది గాని, కట్టే చెయ్యి అయోనియాదే. యుద్ధం గెలిపించిన థెమిస్టోక్లీస్ గతి ఇంకా విచిత్రం. ఏథెన్స్ పౌరులు కుండపెంకుల మీద పేరు రాసి అతన్ని దేశం నుంచి వెళ్లగొట్టారు. అలా అతని పేరు రాసిన పెంకులు దాదాపు 190 ఒకే బావిలో దొరికాయి. చేతిరాతలు చూస్తే పద్నాలుగే! ఎవరో ముందే రాయించి పెట్టారన్న మాట. చివరకు అతనికి ఆశ్రయం ఇచ్చినది ఎవరు? జెర్క్సీస్ కుమారుడు ఆర్టాక్సెర్క్సీస్. అయోనియాకు ఆనుకుని ఉన్న మెగ్నీషియా పట్టణాన్ని అతనికి ఇచ్చాడు. పర్షియాను ఓడించిన వీరుడు పర్షియా ఉప్పు తింటూ, ఆ సరిహద్దులోనే కన్నుమూశాడు.

శ్రోతలారా, మన సరిహద్దులు యుద్ధాలతో గీసినవి కావు. 1936లో ఒడిశా, 1953లో ఆంధ్ర, 1956లో మరికొన్ని భాషా రాష్ట్రాలు చట్టంతో ఏర్పడ్డాయి. గీత ఎక్కడ గీసినా దానికి ఇటూ అటూ కొందరు మిగిలిపోతారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో నేర్చుకుంటూ పెరిగిన మీకు, రెండు భాషల మనుషులూ మనుషులేనని పుస్తకం చూసి తెలుసుకోనక్కరలేదు. కాని తెర మీద కథలు చూసి పెరిగే పిల్లలకు ఆ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. ఈ చిత్రం మీ ఇంట్లో ఎప్పుడైనా కనబడితే పిల్లలను చూడనివ్వండి, తప్పులేదు. చూశాక మాత్రం, రాళ్ల మీద రాసిన సందేశం చదువుకున్న ఆ అయోనియా నావికుడి సంగతి చెప్పండి. అతని స్థానంలో నువ్వుంటే ఏం చేస్తావని అడగండి. జవాబు చెప్పడానికి వాళ్లకు కొంత సేపు పడుతుంది.